గడచియు గడవని గండము

రాయలసీమవాసికి మబ్బు చుట్టము వంటిది. ఏరువాక నాటినుండి ఆకాశమువైపు చూచుటయే రైతు పనిలో సగము. కర్నూలు, కడప జిల్లాలలో చినుకు పడక పైరెండిన యేండ్లు లెక్కకు మిక్కిలి. చినుకెక్కువై ఊరు మునిగిన యేండ్లు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. అట్టి సీమలో మబ్బు పట్టగానే ఇంటిల్లిపాది సంతోషించుచుండ, ఒక్క మనిషి మాత్రము ముఖము పాలిపోయి, పెట్టె బేడలు మిద్దెపైకి చేర్చుచు, బిడ్డలను వీధిలోనికి పోనీయక పట్టుకొని కూర్చుండినచో చూచువారికి వింతగా తోచును. పిరికితనమని కొందరందురు. గాలి సోకినదని కొందరందురు. పని తప్పించుకొను ఎత్తని మరికొందరు నవ్వుదురు. ఈ మూడు మాటలును తప్పే. ఇది యొక వ్యాధి. దీనికొక పేరు కలదు; అంతకంటె ముఖ్యముగ, దీనికి చికిత్స కలదు.

కర్నూలు మునిగిన నాడు

2009వ సంవత్సరము దేశమునకు కరవు సంవత్సరము. ఆ యేడు నైరుతి ఋతుపవనము దేశము మొత్తముమీద సుమారు 22 శాతము లోటు చూపినది. వానకు మొగము వాచియున్న కర్నూలు జిల్లాకు సెప్టెంబరు మాసాంతమున వాన రానే వచ్చినది, వచ్చి ఆగలేదు. ఎగువ కర్ణాటకములోను, ఇటు సీమలోను కుంభవృష్టి కురిసి కృష్ణా తుంగభద్రలు ఒక్కమారుగ పొంగినవి. తుంగభద్ర యొడ్డున, హంద్రి వచ్చి కలియుచోట వెలసిన కర్నూలు నగరము అక్టోబరు 2వ తేదీన నీట చిక్కినది. ఎగువన మంత్రాలయము, ఆవలి యొడ్డున అలంపురము గూడ మునిగినవి. దిగువనున్న శ్రీశైల జలాశయమునకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి పడినది. ఆనకట్ట కట్టిననాడు వేసికొన్న అంచనాలను మించిన ప్రవాహమది.

పల్లపు పేటలలో ఇండ్లు మునిగినవి. జనము మిద్దెలమీదను, ఎత్తైన కట్టడములమీదను పసిబిడ్డలతో, ముసలివారితో ప్రొద్దు గడపిరి. దీపము లేదు, త్రాగ నీరు లేదు, చూచినంత మేర నీరే. వరద తీసిన పిమ్మట వీధులలో మిగిలినది బురద. ఆ బురద ఎత్తివేసిరి. గోడలకు సున్నము కొట్టిరి. అంగళ్లు తెరచిరి. కూలిన ఇండ్లకును, పాడైన పంటకును, కొట్టుకొనిపోయిన పశువులకును లెక్క కట్టిరి. అట్టి లెక్కలలో ఎన్నడును చేరని నష్టమొకటి కలదు. ఇల్లు నిలిచియున్నను, ఒడలికి గాయము లేకున్నను, మనస్సునకు తగిలిన దెబ్బ అది. నీరు నదిలోనికి మరలిన తరువాత నెలలకు, ఏండ్లకు గూడ ఆ దెబ్బ కొందరిలో మానక నిలుచును.

మారీచుని గోడు

ఈ దెబ్బ స్వరూపము తెలిసికొనుటకు విదేశీ వైద్యగ్రంథములదాక పోనక్కరలేదు. వాల్మీకి రామాయణము అరణ్యకాండలో రావణుడు సీతాపహరణమునకు సాయము కోరి మారీచుని యొద్దకు పోవును. అప్పుడు మారీచుడు తన గోడు వెళ్లబోసికొనును. విశ్వామిత్రుని యాగమునాడు రాముని బాణము తగిలి అతడు సముద్రములో పోయి పడెను. పిమ్మట దండకారణ్యములో మరియొకమారు ఆ బాణములనుండి తప్పించుకొని ప్రాణములు దక్కించుకొనెను. నాటినుండి అతనికి చెట్టు చెట్టునను రాముడే కనబడునట. జనము లేని చోటను రాముడే. కలలో రాముని చూచి ఉలికిపడి లేచును. రత్నమనినను, రథమనినను, ఆ మొదటి అక్షరము చెవిని పడినంతనే గుండె జల్లుమనునట.

మారీచుడు పిరికివాడు కాడు. బలవంతుడు, మాయావి, యాగములను ధ్వంసము చేసి మునులను గడగడలాడించినవాడు. అతని మాటలలో గమనింపదగిన విషయములు రెండు. భయమునకు కారణమైన ఆపద ఏనాడో గడచిపోయినది. అయినను, ఆ ఆపదతో ఏ సంబంధమును లేని ఒక అక్షరము ఆపదనంతను మరల తెచ్చి కన్నుల యెదుట నిలుపుచున్నది. నేటి మనోవైద్యుడు రోగితో మాటలాడునపుడు వెదకునది ముఖ్యముగ ఈ రెంటినే.

పేరు వచ్చిన కథ

ఆదికవి కనిపెట్టిన ఈ అవస్థకు వైద్యశాస్త్రము పేరు పెట్టుటకు చాల కాలము పట్టినది. అమెరికా అంతర్యుద్ధమునుండి వచ్చిన సైనికులలో గుండెదడ, ఆయాసము, నిద్రలేమి చూచిన జేకబ్ డకోస్టా అను వైద్యుడు 1871లో దానిని గుండెజబ్బుగా వర్ణించెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1915లో, చార్లెస్ మయర్స్ అను ఆంగ్ల వైద్యుడు 'షెల్ షాక్' అను మాటను వైద్య పత్రికకెక్కించెను. ఫిరంగిగుండ్ల ప్రేలుడు వలన మెదడు అదరి ఈ వ్యాధి వచ్చుచున్నదని మొదట తలచిరి. గుండ్లు ప్రేలిన తావున లేనివారికి గూడ అది వచ్చుట చూచి ఆ యూహ సరికాదని గ్రహించిరి.

అప్పటి సేనానాయకులు మాత్రము పలువురిని పిరికిపందలుగనే యెంచిరి. యుద్ధభూమినుండి పారిపోయిరనియు, పిరికితనము చూపిరనియు బ్రిటిష్ సైన్యము కాల్చి చంపిన తన సైనికులలో 306 మందికి 2006లో, అనగా తొంబది యేండ్ల తరువాత, ప్రభుత్వము క్షమాపణ ప్రసాదించెను. వారిలో కొందరు ఈ వ్యాధిపీడితులై యుండిరని నేడు పలువురు విశ్వసించుచున్నారు. వ్యాధిని దోషముగా భ్రమించుట వలన ఎంతటి అనర్థము కలుగునో చెప్పుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కరలేదు.

వియత్నాం యుద్ధమునుండి మరలిన సైనికుల అవస్థ చూచిన పిమ్మట, 1980లో అమెరికా మనోవైద్యసంఘము తన వ్యాధినిర్ణయ గ్రంథము మూడవ కూర్పులో దీనికి 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అని పేరిడినది. క్లుప్తముగ పి.టి.ఎస్.డి. అందురు. ఘోరమైన ఆపద పిమ్మట నిలిచిపోవు మనోవ్యాధి అని తాత్పర్యము. యుద్ధము, వరద, ఉప్పెన, అగ్నిప్రమాదము, రోడ్డు ప్రమాదము, అత్యాచారము, కక్షలలో అయినవారి హత్యను కన్నులార చూచుట, వీనిలో ఏదైనను దీనికి కారణము కావచ్చును.

1977 నవంబరు 19వ తేదీ రాత్రి ఉప్పెన దివిసీమను ముంచి పదివేలకు పైగా ప్రాణములు తీసినది. ఆనాటికి ఈ పేరింకను పుట్టలేదు. తాటిచెట్టును కౌగిలించుకొని బ్రదికి, తెల్లవారి తనవారి నొక్కరినైన కానలేక, ఆ మీదట జీవితమంతయు గాలి హోరుకు ఉలికిపడిన వారి బాధను కర్మమనిరి. వైద్యము చేయవచ్చునన్న తలపు ఎవరికిని రాలేదు.

లక్షణములు

ఆపద గడచిన మొదటి దినములలో నిద్ర పట్టకుండుట, ఏడ్పు, ఉలికిపాటు సహజములే. వానిని వ్యాధి యనరాదు. నెల దాటినను తగ్గక, ఇంటి పనులకును, వృత్తికిని, చదువునకును అడ్డు తగిలినపుడే వైద్యులు వ్యాధి యని నిర్ణయింతురు. లక్షణములు నాలుగు తెగలు.

మొదటిది, జరిగినది మరల మరల జరుగుట. ఇది మామూలు జ్ఞాపకము వంటిది కాదు. నీటి చప్పుడు, బురద వాసన, ఏదో యొక కేక సోకినంతనే ఆనాటి దృశ్యము ఈనాడే జరుగుచున్నట్లు తోచును, పీడకలలు వచ్చును. రెండవది, తప్పించుకొని తిరుగుట. ఆ వీధిని పోరు, ఆ మాట ఎత్తరు, ఎత్తనీయరు. మూడవది, మనస్సు మొద్దువారుట. పండుగ వచ్చినను సంతోషము లేదు. అయినవారు గూడ పరాయివారివలె తోతురు. 'ఆనాడు చేయి వదలినది నేనే, తప్పు నాదే' యను నింద లోలోపల తొలుచుచుండును. నాలుగవది, ఎల్లవేళల కావలి కాయుట. చిన్న చప్పుడునకు అదరిపడుదురు, ఊరక కోపగించుకొందురు, నిద్రపట్టదు, చదువుమీద, పనిమీద దృష్టి నిలువదు.

పాము కరచినవాడు తాడును చూచినను బెదరునని మన పెద్దలు చెప్పుదురు. ఆ సామెత మొదటి రెండు తెగలకు సరిపోవును. తక్కిన రెండును పైకి కనబడవు గనుకనే ఇంటివారు పొరబడుదురు. ఉత్సాహము లేని భర్తను సోమరి యనియు, విసుగుకొను భార్యను గయ్యాళి యనియు, పుస్తకము ముందు శూన్యముగ చూచు బాలుని మొద్దు యనియు పేర్లు పెట్టుదురు.

తలారియు కరణమును

మనస్సులో జరుగునదేమో పూర్వపు పల్లె ఏర్పాటుతో పోల్చి చెప్పవచ్చును. ఊరికి తలారి యుండెడివాడు. అపాయము పొడసూపగనే కేక వేయుట వాని పని. కరణముండెడివాడు, ఏది ఎన్నడు, ఎచ్చట జరిగెనో చిట్టాకెక్కించుట వాని పని. మన మెదడులో అమిగ్డలా అను చిన్న భాగము తలారి వంటిది. అది కేక వేయగనే ఒడలిలో అడ్రినలిన్ ఊరును, గుండె వేగముగ కొట్టుకొనును, కండరములు బిగియును, పరుగెత్తుటకో పోరాడుటకో దేహము సిద్ధమగును. హిప్పోకాంపస్ అను వేరొక భాగము కరణము వంటిది. జరిగినదానికి తేదీ, తావు వేసి, 'ఇది గడచిపోయినది' అని పద్దు ముగించుట దాని పని.

ఘోరమైన ఆపదలో తలారి కేకలు మిన్నుముట్టును. కరణము వ్రాత సాగదు. ఆ సంఘటన తేదీ లేని కాగితముగ మిగిలిపోవును. తేదీ లేదు గనుక అది ఎప్పుడు చేతికి వచ్చినను 'నేడే' యని తోచును. పదునైదేండ్ల తరువాత మబ్బు ఉరిమినను తలారి అదే కేక వేయును. ధైర్యము చెప్పినంత మాత్రమున ఆ కేక ఆగదు. అది సంకల్పమునకు లోబడినది కాదు. చికిత్స యనగా ఆ కాగితముమీద తేదీ వేయించుటయే.

కార్తిక పౌర్ణమి నాటి కట్ట

దివిసీమ ఉప్పెన వచ్చిన నవంబరు 19వ తేదీయే సరిగా 44 సంవత్సరముల పిమ్మట కడప సీమకు గూడ కాళరాత్రి యైనది. 2021 నవంబరులో శేషాచల పరిసరములలో కురిసిన భారీ వర్షములకు చెయ్యేరు పొంగినది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగినది. ఆ నీరును వచ్చి తాకగా 19వ తేదీ వేకువను అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయినది. నాడు కార్తిక పౌర్ణమి. రాజంపేట మండలములోని పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు మొదలగు చెయ్యేటి యొడ్డు పల్లెలమీద జలరాశి విరుచుకొని పడినది. పదులకొలది ప్రాణములు పోయినవి. పొలములమీద ఇసుక మేట వేసినది.

ఇట్టి తిథి మరపునకు రాదు. ఏటేట కార్తిక దీపములు వెలిగించునప్పుడు ఇతర గ్రామములకు అది పర్వము; ఆ పల్లెలలో అది తద్దినము గూడ. గాయము మానుచున్న మనస్సు సైతము వార్షిక తిథి దగ్గరపడినపుడు మరల కలతపడుననుట వైద్యులకు తెలిసిన విషయమే. అంతేకాక, దైవికముగ వచ్చిన ఆపదకంటె మనుష్యుల చేతలవలన గాని, చేయవలసినది చేయకపోవుటవలన గాని వచ్చినదని బాధితులు నమ్మిన ఆపద మనస్సును ఎక్కువకాలము పట్టి పీడించును. ఇల్లు తిరిగి కట్టుకొనక, పొలములోని ఇసుక తీయక, గుడారములోనో చుట్టముల పంచనో దినములు గడుపుచున్నవానికి ఆపద ఇంకను గడవనే లేదు. కావున పునరావాసము వేరు, మనోవైద్యము వేరు అని తలచుట పొరపాటు. ఆలస్యము కాకుండ దక్కిన ఇల్లు గూడ ఔషధమే.

అందరికిని రాదు

ఆపదకు లోనైన ప్రతివారికిని ఈ వ్యాధి వచ్చునని భయపడవలదు. ప్రపంచ జనాభాలో అధికసంఖ్యాకులు జీవితములో ఒకమారైన ఘోరమైన సంఘటనను చూతురు. ఈ వ్యాధి పాలగువారు సుమారు 3.9 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వ్యాధి వచ్చినవారిలో సైతము 40 శాతము వరకు ఏడాదిలోపల కోలుకొందురు. తోడు నిలుచు కుటుంబము, పలకరించు ఇరుగుపొరుగు, చేయుటకు పని, ఇవి కలవారు త్వరగ తేరుకొందురు. పేద, మధ్యతరగతి దేశములలో చికిత్స కొరకు వచ్చువారు నలుగురిలో ఒక్కరే యనునది విచారకరమైన విషయము. తక్కిన ముగ్గురు తాయెత్తులతోనో, మద్యముతోనో, మౌనముతోనో రోజులు వెళ్లబుచ్చుచున్నారు.

తాయెత్తును ఎగతాళి చేయుట వలన లాభము లేదు. దడుచుకొన్న బిడ్డకు దిష్టి తీసి, ఒడిలో పడుకోబెట్టుకొను అవ్వ చేతి స్పర్శలో ఓదార్పు కలదు. అయితే నెలలు గడచినను పీడకల మానని బిడ్డను అంతటితో వదలరాదు. మద్యము సంగతి వేరు. అది ఆ రాత్రికి నిద్ర నిచ్చి మరునాటికి బాధను రెట్టించును.

చికిత్సా మార్గములు

మొదటి దినములలో కావలసినది పెద్ద వైద్యము కాదు. ప్రాణభయము లేని చోటు, వేడి అన్నము, తనవారి సమాచారము, ఓపికతో వినువారు, ఇవి ముఖ్యము. 'ఏమి జరిగినదో అంతయు చెప్పుము' అని బలవంతపెట్టరాదు. ఆపద జరిగిన వెంటనే బాధితులను కూర్చుండబెట్టి ఒక్కమారే అంతయు చెప్పించు పద్ధతి కొంతకాలము వాడుకలో నుండెను. దానివలన మేలు లేదనియు, కొందరికి కీడు కూడ కలుగుననియు తరువాతి పరిశీలనలలో తేలినది. చెప్పదలచినవాని మాట వినవలెను. చెప్పదలపనివాని మౌనమును మన్నింపవలెను.

వ్యాధి నిలిచిపోయినచో ప్రధాన చికిత్స మాటలతోనే. శిక్షణ పొందిన మనోవైద్యుడు రోగిచేత ఆ సంఘటనను, భద్రమైన గదిలో, కొద్దికొద్దిగ, మొదటినుండి తుదివరకు చెప్పించును. తప్పించుకొను తావులకు మెట్టు మెట్టుగ మరల తీసికొనిపోవును. వరద తరువాత హంద్రి వంతెన దాటలేని వర్తకుడొకడు కలడనుకొందము. మొదటి వారము వంతెన బొమ్మను చూచును. మరుసటి వారము తోడుగ ఒకరితో దూరమునుండి చూచును. పిదప వేసవిలో నీరు సన్నగిల్లినపుడు దాటును. తుదకు వానకాలములో ఒంటరిగ దాటును. భయము ముందు పెరిగి, పారిపోక నిలిచినచో తానే తగ్గునని అతని దేహము నేర్చుకొనును. ఈ పద్ధతిని అమెరికాలో ఎడ్నా ఫోవా అను విదుషి తీర్చిదిద్దెను. సాధారణముగ 8 మొదలు 15 మారులు కూర్చుండిన చాలును. 'తప్పు నాదే' వంటి తలపులను విచారించి సరిదిద్దు పద్ధతి మరియొకటి. సంఘటనను తలచుకొనుచు వైద్యుని వ్రేలిననుసరించి కన్నులను అటునిటు కదల్చు పద్ధతిని ఫ్రాన్సిన్ షపీరో 1989లో ప్రకటించెను. కన్నుల కదలిక ఎంతవరకు అవసరమనుటపై వాదములున్నను, ఈ చికిత్స పలువురికి గుణమిచ్చుచున్నది.

మందులును కలవు. సెర్ట్రలిన్, పరాక్సిటిన్ వంటివి కొందరికి ఉపకరించును; వైద్యుని సలహాపై నెలలపాటు వాడవలెను, తలచినపుడు మానరాదు. నిద్రమాత్రలను, మత్తుమాత్రలను స్వయముగ కొని మ్రింగుట ప్రమాదము; అవి అలవాటుగ మారును, వ్యాధిని కుదుర్పవు.

బడిలో కానవచ్చు గాయము

బాలబాలికలలో ఈ వ్యాధిని మొదట గుర్తింపగలవాడు ఉపాధ్యాయుడు. 1999 ఒడిశా పెనుతుఫాను పిమ్మట అచ్చటి విద్యార్థులను పరిశీలించిన వైద్యులు, ఏడాది గడచినను నాలుగింట ఒక వంతుకు పైబడి పిల్లలలో ఈ వ్యాధిని కనుగొనిరి. పెద్దలవలె పిల్లలు బాధను మాటలలో చెప్పలేరు. ఆటలలో మరల మరల వరద వచ్చి ఇల్లు కూలును. బొమ్మలలో నీరు తప్ప మరేమియు నుండదు. ఎప్పుడో మానిన పక్కతడుపు మరల మొదలగును. తల్లి కొంగు వదలరు. బాగుగ చదువు బాలిక ఒక్కమారుగ వెనుకబడును. నెమ్మదియైన బాలుడు తోటివారిపై చేయి చేసికొనును.

ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కరలేదు. బడిగంట వేళకు మ్రోగుట, రోజువారీ పాఠము, ఆట, పాట యథాప్రకారము జరుగుట, ఇవియే చెదరిన పసిమనస్సునకు ఊతకఱ్ఱలు. మబ్బు పట్టినపుడు కిటికీవైపు చూచుచు వణకు బిడ్డను పదిమంది ముందు ప్రశ్నింపక, దగ్గరకు పోయి, 'ఇది ఈనాటి వాన. మనము బడిలో నున్నాము. నేనిచ్చటనే యుందును' అని మెల్లగ చెప్పినచో చాలును. ఆ మూడు మాటలును తేదీని, తావును, తోడును గుర్తు చేయును. బెత్తము పుచ్చుకొనుట, నవ్వుట, 'మగపిల్లవాడవై యేడ్చెదవా' యనుట గాయముమీద కారము చల్లుటయే. నెల దాటినను బిడ్డ తేరుకొననిచో తల్లిదండ్రులను పిలిచి వైద్యుని జూపుమని చెప్పవలెను. 'పిచ్చి' యను మాటను బడిలో ఎవరినోటను రానీయరాదు.

ఎవరిని ఆశ్రయింపవలెను?

ఒకనాడు దత్తమండలములలో చేరియుండిన పొరుగు బళ్లారి జిల్లాలో, బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు 1980 దశకములో ఒక ప్రయత్నము చేసిరి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకును, సిబ్బందికిని శిక్షణ నిచ్చి, మనోవైద్యమును పల్లె గడపకు చేర్పవచ్చునని ఋజువు చేసిరి. ఆ నమూనాయే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు మూలమైనది. నేడు కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో మనోవైద్యులు కలరు. ప్రయాణము చేయలేనివారికి 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము 'టెలి మానస్' అను ఫోను సేవను నెలకొల్పినది. 14416 సంఖ్యకు రేయింబవళ్లు ఏ వేళనైన, ఖర్చు లేకుండ, తెలుగులోనే మాటలాడవచ్చును. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రభుత్వ వైద్యశాలలలో ఈ చికిత్సను ప్రతి పౌరుని హక్కుగ చేసినది.

విరిగిన కాలికి కట్టు కట్టించుకొన సిగ్గుపడువాడు లేడు. మనస్సునకు తగిలిన దెబ్బకు మాత్రము సిగ్గెందులకు? వరదలు రాకుండ చేయుట మనచేతిలో సంపూర్ణముగ లేదు. వరద పోయిన తరువాత గూడ మునుగుచున్నవానికి చేయి అందించుట మనచేతిలోని పనియే. దానికి కావలసినవి రెండు: అతడు పిరికివాడు కాడని నమ్ముట, అతని మాట తుదివరకు వినుట. ఈ రెండును ముందుగ బడిలో నేర్పదగిన పాఠములు.